తిరిగే తలుపులో హోలర్‌స్టైన్ వంశం

హోలర్‌స్టైన్ రాజవంశంలో పెద్ద శాఖవాళ్లూ చిన్న శాఖవాళ్లూ ఒకే గుమ్మం దాటి రెండు వందల యాభై ఏడేళ్లయింది. రాజ్యం పోయి వందేళ్లు దాటింది. కోటలో ఇప్పుడు నర్సుల శిక్షణ బడి నడుస్తోంది. పట్టింపు మాత్రం చెక్కుచెదరలేదు.

చిన్న శాఖకు మిగిలిన పెద్దదిక్కు వాల్‌బుర్గా. డెబ్బై నాలుగేళ్ల మనిషి, మ్యూనిక్‌లో ముప్పై ఎనిమిదేళ్లు పళ్ల డాక్టరుగా చేసింది. ఊరు పుట్టి ఎనిమిది వందల ఏళ్లయిందని మేయరు రెండు శాఖలనూ హోటల్లో విందుకు పిలిచాడు. వెళ్లకూడదనే అనుకుంది కానీ, కాల్చిన బాతూ బంగాళాదుంప ఉండలూ పెడతారని విని మెత్తబడింది.

"ఆ పెద్ద శాఖ ముసలాయన వస్తే రానీ, లోపలికి మాత్రం ముందు నేనే వస్తాను" అని హోటల్ మేనేజరు ఫ్రావ్ ట్రింక్లర్‌కు ఫోన్లోనే తేల్చి చెప్పింది. ఆ ముసలాయన, పియానోలు శ్రుతి చేసే లెబెరెక్ట్, అంతకు గంట ముందే ఫోన్ చేసి అదే మాట అన్నాడని ఆమెకు తెలియదు.

హోటల్‌కు కొత్తగా గుండ్రంగా తిరిగే అద్దాల తలుపు పెట్టారు. శనివారం మధ్యాహ్నం వాల్‌బుర్గా కారు దిగేసరికి, అటువైపు నుంచి బొజ్జ ముందూ తాను వెనకా అన్నట్టు ఒకాయన చేతికర్రతో వస్తున్నాడు. ముక్కు చూడగానే గుర్తుపట్టింది. రోజూ అద్దంలో కనబడే ముక్కే. ఆమె అడుగు పెంచింది. అతనూ పెంచాడు. చివరి పది గజాలూ ఇద్దరిదీ పరుగే. ఒకే అరలోకి ఒకేసారి దూరారు. తలుపు పావు చుట్టు తిరిగింది. అతని కర్ర అడుగున ఇరుక్కోవడంతో టక్కున ఆగిపోయింది.

"ఏవండీ, ఆ పొట్ట కాస్త లోపలికి లాక్కుంటారా?"

"లాగిన తరవాత మిగిలిందేనండీ ఇది."

"కదలకండి దొరగారూ! మెకానిక్‌కి కబురు పెట్టాను!" అని బయటినుంచి ఫ్రావ్ ట్రింక్లర్ అరిచింది.

"కదలడానికి చోటెక్కడ ఏడ్చిందమ్మా!" అని వాల్‌బుర్గా అరిచి, లెబెరెక్ట్ వైపు తిరగబోయి, తిరగలేక అతని టైతోనే మాట్లాడింది. "ఇదంతా మీవాళ్ల పుణ్యమే. ఆ రోజు బాప్తిస్మానికి వస్తూ చర్చి గుమ్మంలో మా కునిగుండ గారి గౌను తొక్కింది మీ ముత్తాతగారి ముత్తాతగారే కదూ? నడుం దాకా చిరిగిందట!"

"తొక్కాడా! ఆవిడే కాలడ్డం పెట్టింది. మా పెద్దాయనకి రెండు పళ్లూడాయి."

"ఏ పళ్లు?"

"ఇవీ, ఇవీ" అని నోరు తెరిచి చూపించాడు.

ఆమె తల వంచి చూసింది. "ఆ వెనక దంతానికి తొడుగు ఎవరేశారు? తాపీమేస్త్రీయా?"

అతను పగలబడి నవ్వాడు. పొట్ట కదిలింది, పొట్టతో అద్దమూ కదిలి కీచుమంది. "అబ్బే, అర స్వరం తగ్గింది" అన్నాడు, చెవి ఒగ్గి. ఆమెకు నవ్వు ఆగలేదు.

"ఒక నిజం చెప్పనా?" అన్నాడు గొంతు తగ్గించి. "అప్పటి పాదిరి తన చెల్లెలికి రాసిన ఉత్తరం మా ఇంట్లో ఉంది. పరువు పోతుందని మా నాన్న పియానోలో దాచాడు. గౌనూ లేదు, పళ్లూ లేవు. పాదిరి తాళంచెవి ఇంట్లో మరిచిపోయి వచ్చాడు. మనవాళ్లిద్దరూ తాళమేసిన తలుపు ముందు ఎవరు ముందని గంటన్నర పోట్లాడుకున్నారు. పాదిరేమో ఆ సంగతి చెప్పే ధైర్యం చాలక, చేతులు కట్టుకుని నిలబడ్డాడట!"

"తాళమా?" అంది వాల్‌బుర్గా. "ఊరి హాల్లో మీ తాతగారి పటం కన్నా తన పటం ఒక్క వేలు కిందికి ఉందని మా తాతయ్య టేపు పెట్టి కొలిచాడే! ఇదంతా... ఒక తాళం కోసమా?" ఇక నవ్వు తెరలు తెరలుగా వచ్చేసింది. కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి పైకి రాదు. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఇంక నవ్వించకు, గౌను నిజంగానే చిరిగేట్టుంది!"

అన్నయ్యా అన్న మాటకి లెబెరెక్ట్ చెవులదాకా ఎర్రబడ్డాడు.

మెకానిక్ వచ్చి కర్ర లాగేశాడు. లోపల మేయరు కాగితం విప్పాడు, బాకాలవాళ్లు బుగ్గలు పూరించారు. "పద చెల్లీ" అని అతను తలుపు తొయ్యబోతే నవ్వులో జోరెక్కువై, ఇద్దరూ హాలు దాటిపోయి మళ్లీ వీధివైపు వచ్చారు. బాకాలు మొదలై ఆగాయి. రెండోసారీ అంతే. మూడో చుట్టులో వాల్‌బుర్గా కావాలనే తోసింది. నాలుగోసారి వీధిలో, తలలు దిమ్మెక్కి, ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని బయటపడ్డారు.

"ఇప్పుడు లోపలికెవరు ముందు?" అన్నాడతను రొప్పుతూ.

"ఎవరూ వద్దు. ఎదురుగా సాసేజ్ బండి కనబడటం లేదూ?"

ఆవాలముద్ద అంటిన మీసంతో అతనూ, టోపీ పక్కకి జారిన ఆమే బండి దగ్గర నిలబడి తింటుంటే, మేయరు బాకాలవాళ్లతో సహా వీధి దాటి వచ్చి ఉపన్యాసం అక్కడే చదివాడు. సగంలో వాల్‌బుర్గా లెబెరెక్ట్ చెవిలో అంది: "వచ్చే నెల మ్యూనిక్ రా. ఆ తొడుగు తీయించి మంచిది వేయిస్తాను."

"నీ ఇంట్లో పియానో ఉందా?"

"ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరూ ముట్టలేదు."

"అయ్యయ్యో, అయితే రెండు రోజులు పడుతుందే!"

పదకొండు రోజులు ఉన్నాడు.