మైకు జీవరత్నం గారి గొంతు

పామర్రులో ఆడవాళ్ళకి కంప్యూటర్ పాఠాలు చెప్పే జయకృష్ణని నేనే. నాకొచ్చిన కంప్యూటరంతా కలిపి నలభై మాటలు. వాటిని బోర్డు మీద రాసి ఎక్కాల్లా చదివించడం నా పద్ధతి. "మౌస్ అంటే?" అని నేనడిగితే, "చేత్తో కదిపేది!" అని హాలు దద్దరిల్లాలి. అలా దద్దరిల్లిన రోజు, కంప్యూటర్ని నేనే కనిపెట్టినంత ధీమాగా ఇంటికి వెళ్ళేవాణ్ణి.

క్లాసులో అందరికంటే పెద్దావిడ అమలమ్మగారు. మొదటి రోజే కొంగు ముడి విప్పి, ఒక పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది. ఆవిడ భర్త జీవరత్నం గారు ఆటోలో మైకు పట్టుకుని సువార్త సభల గురించీ, ఎరువుల కొట్ల గురించీ ఊరూరా ప్రకటనలు చెప్పేవారట. పోయి ఏడాదైంది. ఆయన ఆఖరున రికార్డు చేసిన ప్రకటన ఆటో యజమాని దగ్గరుంటే అడిగి తెచ్చుకుందట.

"ఆయన గొంతు ఇదొక్కటే మిగిలిందండీ. దీన్ని ఫోన్లోకెక్కించుకోడం నేర్చుకుందామనే మీ కాడికొచ్చానండీ," అంది.

రెండు నిమిషాల పని. కానీ నా పాఠంలో 'కాపీ' ఇరవై మూడో మాట. వరస తప్పితే నా పరువేం కాను? "మూడో వారంలో వస్తుందమ్మా, ఓపిక పట్టండి," అన్నాను.

పాపం, ఓపిక పట్టింది. మూడో వారం డిలీట్, కాపీ, రీసైకిల్ బిన్ ఒకే రోజు వచ్చాయి. చూపించడానికి ఆవిడ పెన్‌డ్రైవే తీసుకుని కంప్యూటర్‌కి పెట్టాను.

"డిలీట్ అంటే భయపడకండి. చెత్తబుట్టలో వేసినట్టే. కావాలంటే మళ్ళీ తీసుకోవచ్చు," అంటూ జీవరత్నం గారి ఫైలు మీద డిలీట్ నొక్కాను.

"సార్, ఏదో అడుగుతోందండీ," అంది ముందు వరసలో వినీల.

"దానికదో అలవాటమ్మా," అని చూడకుండానే 'యస్' కొట్టాను. మాటలు నేర్పేవాణ్ణి గానీ, వాక్యాలు చదివే అలవాటు నాకెక్కడిది?

తర్వాత 'కాపీ' చూపించడానికి, నాకు శాలువా కప్పిన సన్మానం వీడియో పెన్‌డ్రైవ్ నిండేదాకా ఎక్కించాను. అప్పుడు తీరిగ్గా రీసైకిల్ బిన్ తెరిచాను. ఖాళీ.

పెన్‌డ్రైవ్‌లోంచి చెరిపేసింది ఆ బుట్టలోకి రాదట; పూర్తిగా చెరిపెయ్యమంటావా అనే అది అడిగిందట. విజయవాడలో పోయిన ఫైళ్ళు తీసిపెట్టే షాపాయన చెబితే అప్పుడు తెలిసింది నాకు. "చెరిపాక ఇంకేమీ ఎక్కించకుండా తెచ్చుంటే దొరికేదేమోనండీ. ఇప్పుడిందులో అంతా మీ సన్మానమే ఉంది," అన్నాడాయన.

తిరుగు బస్సులో నాకు నా మీద అసహ్యం వేసింది. తిన్నగా అమలమ్మగారింటికి వెళ్ళి జరిగింది చెప్పాను.

"ఇంక రాదాండీ?" అంది.

"రాదమ్మా. తప్పంతా నాది."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. "చదువుకున్నోరు గదండీ. అదడిగినప్పుడు ఒక్కసారి చూసుంటే ఏం పోయేది?" అంది. అంతకంటే రెండు చెంపలూ వాయించినా బాగుండేది. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"రేపు క్లాసులో ఈ సంగతి చెప్పండి సార్. ఇంకొకళ్ళది పోగూడదు."

"తప్పకుండానమ్మా. ఒకావిడ ఫైలు ఇలా పోయిందని చెబుతాను."

"ఒకావిడది కాదండీ. మైకు జీవరత్నం గొంతు పోయిందని, ఆయన పేరెట్టి చెప్పండి. కొత్తగా వచ్చేవోళ్ళకి కూడా చెప్పండి. అట్టాగన్నా ఆయన పేరు వినపడుద్ది."

మర్నాడు ఆవిడ అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంది. బోర్డు దగ్గర నిలబడ్డాను. చేతిలో సుద్దముక్క ఉంది గానీ, రాయడానికి నా నలభై మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు.

"మన ఊళ్ళో మైకు జీవరత్నం గారని..." అని మొదలుపెట్టాను. అదీ ముందు వరసకే వినపడేంత మెల్లగా.

"గట్టిగా సార్," అంది అమలమ్మగారు. "ఎనకాలోళ్ళకి వినపడాల."