డ్రైవరక్క కొలతల గిటారు

మా ఆవిడ ఎలక్ట్రిక్ గిటార్లు చేస్తుంది. ఈ మాట చెప్పగానే చాలామంది "ఎక్కడ, ఏ షాపులో అమ్ముతుంది?" అని అడుగుతారు. అమ్మడం కాదు, చేయడం. చెక్క కోసి, చిత్రిక పట్టి, మెడ చెక్కి, తీగలు బిగించేదాకా అంతా తన చేతి మీదే. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు పోత ఇనుము ఫ్యాక్టరీలో చెక్క అచ్చులు చేసింది. పంపు చక్రమో గేరు పెట్టో పోత పోయాలంటే ముందు ఆ రూపం చెక్కలో తయారవ్వాలి. అక్కడ వెంట్రుక వాసి తేడా వచ్చినా ఇనుము చెత్తలోకి పోతుంది. ఆ పని కంప్యూటర్ల పాలయ్యాక, తన ఉలులన్నీ మూట కట్టుకుని ఇంటికొచ్చి, కారు లేని మా కార్ల షెడ్డులో బల్ల వేసుకుంది.

నా తమ్ముడు ఆంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తాడు. జేబులో ఎప్పుడూ కరెంటు కొలిచే మీటరు ఉంటుంది. కొత్త టార్చి లైటు కొన్నా ముందు దాని బ్యాటరీ కొలవందే వెలిగించడు. అందుకని మా ఆవిడ వాడికి మీటరు అని పేరు పెట్టింది. ఇప్పుడు మా అమ్మ కూడా అలాగే పిలుస్తుంది.

వదినా మరుదులకు అన్నింట్లోనూ పొత్తే, ఒక్క గిటార్ల దగ్గర తప్ప.

"తీగ ఊగుతుంది. కింద పికప్పులో అయస్కాంతం దాన్ని పసిగడుతుంది. వైరులోంచి పోయి స్పీకర్లో మోగుతుంది. మధ్యలో నీ చెక్కకి పనేముంది వదినా?"

"పట్టుకోడానికి."

"పట్టుకోడానికి ఫ్యాక్టరీది చాలదా?"

"నీకు చాలుతుంది. నీది రెడీమేడ్ చొక్కా సరిపోయే ఒళ్ళు."

నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాణ్ణి. చెవుల తగాదాలో తలదూర్చడం నాకెందుకని, టీ గ్లాసులు అందిస్తూ ఇద్దరికీ తలూపేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్న, భుజానికి పెద్ద సంచీ తగిలించుకుని ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోందట. డిపోలో మెకానిక్కు, కండక్టరు, ఈవిడ కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. మెకానిక్కు డ్రమ్ములు, కండక్టరు పాట, ఈవిడ గిటారు. డిపోలో అందరూ డ్రైవరక్క అంటారంది. మేమూ అదే అన్నాం.

సంచీలోంచి ఎర్రగా మెరిసిపోతున్న గిటారు తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని తప్పుపట్టడానికి లేదమ్మా. మంచి కంపెనీదే. నా చెయ్యే దీనికి కుదరట్లేదు."

ఎడమ చేతి చిటికెన వేలు చాపి చూపించింది. పన్నెండేళ్ళ కింద బస్సు తలుపులో నలిగిందట. సగమే వంగుతుంది. దాంతో నాలుగు వేళ్ళ పని మూడు వేళ్ళతో లాక్కొస్తోంది. పైగా ఎనిమిది గంటలు స్టీరింగు తిప్పిన భుజం మీద నాలుగు కిలోల గిటారు. రెండు పాటలయ్యేసరికి చెయ్యి లాగేస్తుంది.

మా ఆవిడ కళ్ళు చూశాను. ఆ మెరుపు నాకు తెలుసు. ఇంక ఆ పూట వంట నాదేనని అర్థమైపోయింది.

జాకెట్టుకు కొలతలు తీసుకున్నట్టు తీసుకుంది. తెల్ల కాగితం మీద ఆవిడ అరచెయ్యి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీసింది. బొటనవేలి మొదలు నుంచి చిటికెన వేలి కొసదాకా కొలిచింది. కుర్చీలో కూర్చోబెట్టి, లేపి, నిలబెట్టి, స్టీరింగు తిప్పినట్టు చేతులు తిప్పమంది. చిటికెన వేలు ఎంతవరకు నొప్పి లేకుండా వంగుతుందో పదిసార్లు చూసింది. డ్రైవరక్క నవ్వి, "నా మొగుడు కూడా నన్నింత పరీక్షగా చూడలేదమ్మా" అంది.

అక్కణ్ణుంచి మూడు నెలలు మా ఇంట్లో అదే ధ్యాస. బూరుగులాంటి తేలిక చెక్క ఏరి తెచ్చింది. లోపల గుల్ల చేసింది. రోజూ వంటింటి తూకం మీద పెట్టి, "ఇంకో యాభై గ్రాములు తగ్గిందండీ" అని పరుగెత్తుకొచ్చి చెప్పేది. ఆ తూకం మీద ఆ మూడు నెలలూ పప్పు కంటే చెక్కే ఎక్కువసార్లు తూగింది.

మెడ పని ఇంకో ఎత్తు. డ్రైవరక్క వారానికోసారి డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చేది. కళ్ళు మూసుకుని మెడ మీద చెయ్యి జార్చి, ఒకచోట ఆగి "ఇక్కడ" అనేది. మా ఆవిడ అక్కడ గుర్తు పెట్టి, ఉప్పుకాగితంతో నాలుగు రుద్దులు రుద్దేది. మళ్ళీ చెయ్యి. మళ్ళీ "ఇక్కడ". నా కంటికి ఏ తేడా కనిపించేది కాదు. అద్దాలు అరగదీసి బతికేవాణ్ణి, నాకే కనిపించని తేడాని ఆ ఇద్దరూ వేళ్ళతో పట్టేవారు. చివరికి మెడ బొటనవేలి వైపు లావుగా, చిటికెన వేలి వైపు పలచగా తేలింది. ఇంకెవరి చేతిలో పెట్టినా వంకరగా ఉందనే అంటారు.

తీగలు బిగించిన రోజు డ్రైవరక్క తన బ్యాండు మొత్తాన్ని వెంటబెట్టుకొచ్చింది. షెడ్డులో గిటారు గోడకు వేలాడుతోంది. రంగు వెయ్యలేదు, నూనె పట్టించిన చెక్క రంగే. మెకానిక్కు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"చేత్తో చేసిందంటే అర్థం ఏంటో తెలుసా అక్కా? మిషను చెయ్యని తప్పులన్నీ ఉంటాయని" అన్నాడు.

కండక్టరు ఒప్పుకోలేదు. "నువ్వు బస్సు బాగు చేసేది చేత్తో కాదా? మరి ఆ తప్పుల మీదేనా మేం రోజూ తిరిగేది?"

"అది వేరు. బస్సుకి ఇంజను ముఖ్యం. ఈ నున్నటి చెక్కంతా సీటు కవరు లాంటిది."

"ఆ సీటులో ఎనిమిది గంటలు కూర్చో, తర్వాత మాట్లాడదాం" అంది డ్రైవరక్క.

మీటరు ఈ అవకాశం కోసమే కాచుకున్నాడు. "వాదన దేనికి, పరీక్ష పెడదాం" అన్నాడు. ఎర్ర గిటారులో ఉన్నటువంటి పికప్పే కొత్తదాన్లోనూ బిగించాడు. రెండిటికీ ఒకే రకం తీగలు వేసి, ఒకే ఆంప్లిఫయరుకి కలిపి, మోత రెండిట్లోనూ సమానంగా ఉందో లేదో మీటరుతో చూసుకున్నాడు. షెడ్డుకి అడ్డంగా దుప్పటి కట్టాడు. వెనక డ్రైవరక్క. వాడు చీటీ తీసి ఏ గిటారు వస్తే దాని మీద ఆవిడ ఒకే చిన్న ముక్క వాయించాలి. ఇవతల మేం నలుగురం కొత్తదో పాతదో కాగితం మీద రాయాలి. అలా పన్నెండుసార్లు.

పరీక్ష హాల్లో కూర్చున్నట్టే ఉంది. మెకానిక్కు నా కాగితంలోకి తొంగి చూస్తుంటే చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, తల కొద్దిగా పక్కకు వంచి వింటోంది. ఒక్కోసారి రాయడానికి చాలాసేపు తీసుకుంది.

మీటరు కాగితాలు దిద్దాడు. నాకు ఆరు సరైనవి. కండక్టరుకు అయిదు. మెకానిక్కుకు ఏడు. మా ఆవిడకు ఆరు. అంటే బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది.

తను చేసిన గిటారుని తనే పోల్చుకోలేకపోయింది. ఇన్నేళ్ళ వాదనలో గెలిచాడు కదా, మీటరు గంతులేస్తాడనుకున్నాను. వాడు కాగితాలు మడతపెట్టి జేబులో పెట్టుకుని, వదిన ముఖం చూడలేక ఆంప్లిఫయరు మీటలు తిప్పుతూ నిలబడ్డాడు.

మా ఆవిడే నోరు విప్పింది. "నువ్వన్నదే నిజం మరిదీ. వినడానికి రెండూ ఒకటే. నాకూ తెలీలేదు."

దుప్పటి పక్కకు జరిగింది. కొత్త గిటారు మెళ్ళోనే ఉంది డ్రైవరక్కకి.

"వినేవాళ్ళని అడిగారు, బాగుంది. వాయించినదాన్ని ఒక్కరూ అడగరేం?" అంది.

"అక్కా, నువ్వు చూస్తూ వాయించావు. నీ మాట లెక్కలోకి రాదు" అన్నాడు మీటరు.

"చూడక్కర్లేదయ్యా. కళ్ళకి గంతలు కట్టు, చెప్తాను. అసలు నువ్విచ్చిన ఆ చిన్న ముక్క ఎవరైనా వాయిస్తారు. మూడు వేళ్ళు చాలు దానికి. నన్ను నాకిష్టమొచ్చింది వాయించనీ."

మీటరు గడ్డం గోక్కున్నాడు. వాడిలో నాకు నచ్చే గుణం అదే. అడ్డం తిరగడు. "సరే, ఒక్కో దాని మీద అరగంట. రికార్డు చేస్తాను. మేమెవరం ఉండం" అని మమ్మల్ని అందరినీ బయటికి తోలేశాడు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి నేనింకా పళ్ళు తోముకుంటున్నాను. తలుపు దబదబా మోగింది. మీటరు. చంకలో లాప్‌టాప్, కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చొక్కా బొత్తాలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకున్నాడు.

"వదినేది?"

"స్నానంలో ఉంది. ఏమైందిరా?"

"నువ్వు కూర్చో ముందు." వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచాడు. "అన్నయ్యా, ఎర్ర దాని మీద అరగంటలో ఏడుసార్లు ఆగింది. చెయ్యి విదిలించుకుంటున్న చప్పుడు కూడా పడింది, విను. కొత్తదాని మీద ఒక్కసారి కూడా ఆగలేదు. అరగంట అయిపోయిందని తలుపు కొట్టినా వినిపించుకోలేదు, ఇంకో పదకొండు నిమిషాలు వాయించింది. ఇదిగో, ఇక్కడ విను, ఇక్కడ."

విన్నాను. తీగని కింద నుంచి మెల్లగా లాగి, స్వరాన్ని పైకి సాగదీస్తోంది. గొంతు పూడుకుపోయిన మనిషి ఏదో చెప్పడానికి పైకి పైకి వస్తున్నట్టుంది.

"చిటికెన వేలు లేకుండా ఆ స్వరం మీదికి వెళ్ళలేం. ఎర్రదాని మీద ఆ స్వరం పక్కకి కూడా పోలేదు ఆవిడ. చుట్టూ తిరిగి పోయింది. కొత్తదాని మీద నూట ముప్ఫైసార్లు వాడింది. లెక్కపెట్టాను."

మా ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చి మా వెనక నిలబడింది. ఎంతసేపట్నుంచి వింటోందో తెలియదు.

వాడు తిరిగి చూశాడు. "మోగడం ఒకేలా మోగుతుంది వదినా. అది నేను వదులుకోను. కానీ ఆవిడ వాయించేది వేరే. నేను గిటారుని కొలిచాను గానీ ఆవిణ్ణి కొలవలేదు."

మా ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "మళ్ళీ పెట్టు" అంది. రెండోసారి వింటూ తను కళ్ళు తుడుచుకోవడం చూసి నేను పాలు పొంగుతున్నాయన్న నెపంతో లేచాను.

"కొత్త మోజు కూడా అయ్యుండొచ్చు" అంది చివరికి, వాడి తరఫు వాదన తనే అందుకుని.

"నేనూ అదే అనుకున్నాను. నెలయ్యాక మళ్ళీ రికార్డు చేద్దాం."

నెల తర్వాత చేశారు. ఆ స్వరం ఈసారి రెండు వందలు దాటింది. దాంతో మీటరుకి ఇంక కూర్చోబుద్ధి కాలేదు. మోత అంతా పికప్పుదే అయినప్పుడు ఆ పికప్పు మాత్రం అందరిదీ ఒకటే ఎందుకుండాలి అని పట్టుకున్నాడు. డ్రైవరక్క ఆ సాగదీత గరుకుగా ఉండాలంటోంది, మరీ పదునుగా వద్దంటోంది. అయితే పికప్పులో అయస్కాంతం చుట్టూ ఉండే తీగ చుట్లు పెంచాలి. పాత కుట్టుమిషను మోటారు ఒకటి తెచ్చి, షెడ్డులో వదిన బల్ల పక్కనే తన బల్ల వేశాడు. వెంట్రుక కన్నా సన్నని రాగి తీగ, ఎనిమిది వేల చుట్లు. ఊపిరి గట్టిగా వదిలినా తెగుతుంది. మొదటి మూడూ తెగాయి. తెగిన ప్రతిసారీ వాడి నోట వచ్చిన మాటలు మా అమ్మ వినకుండా నేను రేడియో పెట్టేవాణ్ణి. నాలుగోది నిలిచింది.

ఆ పికప్పు బిగించాక బ్యాండు మొదటిసారి వాయించింది డిపో క్యాంటీను హాల్లో. మధ్యాహ్నం షిఫ్టు మారే సమయం. బల్లలు గోడకు జరిపి, డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు ఓ వందమంది నిలబడ్డారు. మేం ముగ్గురం తలుపు దగ్గరున్నాం. మొదలవకముందే ఎవరో అడిగారు, "ఏంటక్కా, రంగు కూడా వెయ్యలేదు, ఏ కంపెనీ?" డ్రైవరక్క మా ఆవిడ వైపు వేలు చూపించింది. వందమందీ ఒకేసారి తిరిగి చూసేసరికి మా ఆవిడ నా వెనక్కి జరిగింది. పోత ఇనుము ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసినా తన అచ్చులు ఎక్కడికి వెళ్ళాయో, ఎవరు వాడారో తనకెప్పుడూ తెలియలేదు.

మెకానిక్కు డ్రమ్ము మీద నాలుగు దెబ్బలు వేశాడు. కండక్టరు పాట అందుకున్నాడు. రెండో చరణం తర్వాత డ్రైవరక్క ఒక్కతే ముందుకొచ్చింది. సగమే వంగిన చిటికెన వేలు తీగను పట్టింది, మెల్లగా పైకి లాగింది. గరుకుగా, వెచ్చగా, ఆ స్వరం హాలు పైకప్పు దాకా లేచింది. నా పక్కన మీటరు నా మోచెయ్యి పట్టుకుని నొక్కేస్తున్నాడు. వాడి కరెంటు మీటరు చేతిలో లేదు, జేబులోనూ లేదు.

పాట అయ్యాక ఒక కుర్ర డ్రైవరు మా దగ్గరికొచ్చి, తనకు చేతులు మరీ పొడుగనీ, ఏ గిటారూ ఒదగట్లేదనీ నసుగుతూ చెప్పాడు. మా ఆవిడ బదులు చెప్పేలోపే మీటరు వాడి చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి, కొస నుంచి కొసకి జానతో కొలవడం మొదలుపెట్టాడు.