మధ్యాహ్నపు చక్రాలు

ఆ ఇంట్లో నెలకోసారి పరుపులు తిరగబడతాయి. తలవైపు కాళ్లవైపుకి, పైది కిందికి. ఇది పెద్దకోడలి శాసనం. బరువు మోసేది ఏదైనా ఒకే పక్క అరుగుతుందని, ఆ అరుగుదలని అన్ని పక్కలకీ పంచితే వస్తువు రెండింతలు మన్నుతుందని ఆమె నమ్మకం. ఇదే సూత్రాన్ని ఇంటిపనికి కూడా వర్తింపజేయాలని పెళ్లయిన కొత్తలో ప్రయత్నించింది గాని, పరుపులు విన్నంతగా మనుషులు వినలేదు.

అందుకే చిన్నకోడలు కాపురానికి వస్తూ, మీద నిలబడి దొర్లుకుంటూ పోయే ఒక లాంగ్‌బోర్డు వెంట తెచ్చుకున్నప్పుడు, ఇంట్లో అందరూ దాన్ని పైనుంచి చూస్తే, పెద్దకోడలు బోర్లించి చూసింది. బారెడు చెక్క, కింద రెండు ఇరుసులు, నాలుగు చక్రాలు. చక్రాలు లోపలి అంచున ఎక్కువ అరిగి, ఏటవాలుగా తరిగిన క్యారెట్ ముక్కల్లా ఉన్నాయి.

"ఇదేమిటే, వీటిని ఎప్పుడూ మార్చి పెట్టలేదా?"

"బాగానే దొర్లుతున్నాయి కదక్కా."

"పరుపు మీద నిద్ర కూడా బాగానే పడుతుంది, మధ్యలో గుంట పడేదాకా."

ఆనాటి నుంచి పరుపుల రోజున చక్రాలకీ పని పడింది. ముందు ఎడమది వెనక కుడికి, ముందు కుడిది వెనక ఎడమకి, లోపలి మొహం బయటికి. చక్రాల నడుమ ఉండే బేరింగులు ఊడదీసి, పాత టూత్‌బ్రష్షుతో మట్టి దులిపి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కోదానికీ ఒక్కో చుక్క నూనె. నీళ్లు తగిలితే అదే రోజు విప్పి ఆరబెట్టడం. చిన్నకోడలు ఈత నేర్పే కోచ్. నీళ్లలో పిల్లలు మునగకుండా చూసుకుంటుంది గాని, నీళ్లలో ఇనుము ఏమవుతుందో పట్టించుకునే రకం కాదు. తోడికోడళ్ల మధ్య స్నేహం కుదరడానికి కొన్ని ఇళ్లలో ఏళ్లు పడుతుంది. వీళ్లకి ఒక పాత టూత్‌బ్రష్షు సరిపోయింది.

చిన్నకోడలికి పొద్దున ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి. ఇంటి ముందు వీధి వాలుగా దిగి, మలుపు తిరిగి, సరిగ్గా స్విమ్మింగ్ పూల్ గేటు దగ్గర ఆగుతుంది. ఆమె బోర్డెక్కి వెళ్లేది, చంకలో పెట్టుకుని ఎక్కి వచ్చేది. ఒకరోజు సన్నగా తుంపర పడుతుండగా మలుపులో రోడ్డు దాటడానికి వేసిన తెల్ల చారల మీద జారిపడింది. మోచెయ్యి గీరుకుపోయింది. అంతకంటే పెద్ద ప్రమాదమేమిటంటే, అదే సమయానికి మామగారు ఆ మలుపులో ఉన్న లాండ్రీలో చొక్కాలు తీసుకుంటున్నారు.

మామగారు డ్రైవింగ్ పరీక్షలు పెట్టే ఆఫీసరుగా రిటైరయ్యారు. ఊళ్లో సగం మంది ఆయన చేతిలో ఒకసారైనా ఫెయిలైనవాళ్లే. మిగతా సగం నడిచి వెళ్లేవాళ్లు. పెద్దకొడుకుని రెండుసార్లు ఫెయిల్ చేశారు. చిన్నకొడుకుని ఒక్కసారే, అదీ సైకిల్ మీద.

"బ్రేకు లేని బండిని నా సర్వీసులో రోడ్డెక్కనివ్వలేదు," అన్నారాయన ఆ రాత్రి భోజనాల దగ్గర.

"కాలే బ్రేకు మావయ్యగారూ. చెప్పు నేలకి రాస్తే ఆగిపోతుంది."

"మరి ఇవాళ ఏం రాశావు?"

"మోచెయ్యి," అంది చిన్నకోడలు. అబద్ధం చెప్పడం రాని పిల్ల.

అన్నదమ్ములిద్దరూ తలలు వంచుకుని ఫోన్లలో అత్యవసరమైనదేదో చదువుకుంటున్నారు.

"వచ్చే ఆదివారం పొద్దున పరీక్ష. మన గేటు దగ్గర్నుంచి పూల్ గేటు దాకా. పాసైతే నీ ఇష్టం. ఫెయిలైతే చెక్క అటకెక్కుతుంది. అప్పటిదాకా దాన్ని ఎవరూ ఎక్కడానికి వీల్లేదు."

"ఎవరూ" అన్న మాట దగ్గర పెద్దకోడలి చేతిలోని గరిటె ఒక్క క్షణం ఆగింది.

ఎందుకంటే ఆమె ఎక్కుతోంది. బేరింగులు తుడిచాక సరిగ్గా బిగించానో లేదోనని ఒకసారి ఎక్కి చూసింది. ఆ తర్వాత అనుమానం తీరక ఇంకోసారి. ఇప్పుడు ఆ అనుమానానికి ఎనిమిది నెలలు. మధ్యాహ్నం చిన్నకోడలు పైన నిద్రపోతుంది. మామగారు కింది పార్కింగ్‌కి సరిగ్గా పైనున్న గదిలో కునుకు తీస్తారు. మగవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు. కార్లు లేని పార్కింగ్‌లో నున్నటి సిమెంటు నేల మీద, ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, అరగంట. రోజంతటిలో ఎవరూ ఆమెను పిలవని అరగంట అదొక్కటే. అటక మీదికి ఎక్కేది చిన్నకోడలి బోర్డే కావచ్చు. దాంతోపాటు ఈ అరగంట కూడా ఎక్కుతుంది. అటక మీద పెట్టిన వస్తువు ఆ ఇంట్లో మళ్లీ కిందికి దిగిన దాఖలా లేదు.

కాబట్టి చిన్నకోడలు పాసవడమే ఇప్పుడు ఆమెకి ముఖ్యం. చిన్నకోడలి కంటే కూడా.

"అసలు ఆ రోడ్డుకి ఈ చక్రాలు సరైనవేనా?" అని మర్నాడు మెట్ల మీద కూర్చుని అడిగింది.

"షాపువాడు ఫాస్ట్‌గా పోతాయన్నాడక్కా."

"షాపువాడు మన వీధికి వచ్చి చూశాడా?"

రాలేదు. మన వీధి కంకర తేలిన తారు రోడ్డు. పాత చక్రాలు చిన్నవి, గట్టివి. బఠాణీ గింజంత రాయి అడ్డం వచ్చినా బోర్డు తటపటాయిస్తుంది. చిన్నకోడలు ఫోన్‌లో చూపించింది: ప్రతి చక్రం మీదా ఒక అంకె ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ చక్రం మెత్తన. మెత్తటిది గరుకు నేలని పట్టుకుంటుంది, రాళ్లని మింగేస్తుంది. గట్టిది నున్నటి నేల మీద బాగుంటుంది. పెద్ద చక్రం గుంతలు దాటుతుంది, చిన్నది చురుగ్గా కదులుతుంది.

పెద్దకోడలికి ఇది విడ్డూరంగా తోచింది. ఆమెకు తెలిసినంతలో గరుకు నేలకి పుల్లల చీపురు, నున్నటి నేలకి మెత్తటి చీపురు. ఇక్కడ లెక్క తిరగబడింది. అయినా ఏ నేలకి ఏది అన్న ప్రశ్న ఒకటే గనక, వెంటనే ఒంటబట్టింది.

"అయితే పెద్దవి, మెత్తటివి తెప్పించు. మరీ మెత్తనైతే వాలులో బరువుకి అణిగి ఈడుస్తాయి. మధ్యరకం చూడు."

"ఏళ్లుగా తొక్కినదానిలా చెబుతున్నావు చూడక్కా."

"వంటింట్లో నిలబడి మీ బావగారి ఆఫీసు సంగతులన్నీ చెప్పడం లేదూ? ఇదీ అంతే."

మంగళవారం చక్రాలు వచ్చాయి. నారింజ రంగువి, బొద్దుగా. చిన్నకోడలు బిగించి, మామగారి ఆజ్ఞ ప్రకారం ఎక్కకుండా గోడకి ఆనించి, వెళ్లి పడుకుంది. పెద్దకోడలు మామగారి గది తలుపు దగ్గర ఒక నిమిషం చెవి ఒగ్గి, కిందికి దిగింది.

ఎక్కి ఒక్క తోపు తోసేసరికి ఆమెకి నవ్వొచ్చింది. చప్పుడే లేదు. పాత చక్రాల గరగర, ఇరుసుల కటకట ఏమీ లేకుండా, నూనెలో వేలు జారినట్టు పోతోంది. రెండో స్తంభం దగ్గర అలవాటు ప్రకారం ఒంటిని వంచి మలుపు తిప్పింది. బోర్డు ఉన్నచోటే నిలబడిపోయింది. ఆమె మాత్రం ఆగలేదు.

పాత పేపర్ల కట్టలు అక్కడ ఉండబట్టి సరిపోయింది. తుంటి మీద దెబ్బ తప్ప మరేమీ లేదు. లేచి, చుట్టూ చూసి, ఎవరూ లేరని నిర్ధారించుకున్నాక మూలిగింది. ఆ తర్వాత బోర్డు బోర్లించి చూసింది. చెక్క అడుగున, చక్రానికి పైన, నారింజరంగు గీత. చక్రం పెద్దది కదా, బోర్డు బాగా వంగినప్పుడు అది చెక్కకి తగిలి బిగుసుకుపోయింది.

పార్కింగ్‌లో పేపర్లున్నాయి. వీధి మలుపులో ఏముంటాయి?

చెప్పాలి. కానీ ఏమని చెప్పాలి? ఎలా తెలిసిందని అడిగితే, ఎక్కానని చెప్పాలి. ఎక్కొద్దన్న వారంలో ఎక్కానని, అంతకుముందు ఎనిమిది నెలలూ ఎక్కానని. అబద్ధం చెప్పడం రాని ఆ పిల్ల భోజనాల దగ్గర ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. పెద్దకోడలు సాయంత్రం దాకా కుంటుతూ ఆలోచించింది. కుంటడమెందుకని అడిగిన భర్తకి బాత్రూంలో జారానంది. ఆయన "ఊఁ" అన్నారు. ఆయనకి బాత్రూమైనా భూకంపమైనా అదే "ఊఁ".

రాత్రి గిన్నెలు సర్దాక పౌడరు డబ్బా పట్టుకుని చిన్నకోడలిని కిందికి తీసుకెళ్లింది. నాలుగు చక్రాల మీదా పౌడరు చల్లింది.

"ఎక్కి నిలబడు. దొర్లించొద్దు. ఆజ్ఞ తప్పినట్టు కాదు. మీ మావయ్యగారు బండి ఎక్కొద్దన్నారు గాని బల్ల ఎక్కొద్దనలేదు. ఇప్పుడు ఒక పక్కకి బాగా వంగు. ఇంకా. మలుపులో వంగినట్టు."

చిన్నకోడలు వంగింది, దిగింది. పెద్దకోడలు బోర్డు తిరగేసింది. చెక్క అడుగున తెల్లటి మచ్చ. దాని పక్కనే నారింజ గీత కూడా ఉంది. ఆమె దాని మీద బొటనవేలు పెట్టి ఉంచింది.

"అమ్మో. నిలబడిపోయేదన్నమాట. నీకెలా తెలిసిందక్కా?"

"తలుపు నేలకి రాసుకుంటే గీత పడదూ? అలాగే."

చిన్నకోడలు తెల్లమచ్చని చూసింది. బొటనవేలిని చూసింది. సాయంత్రం నుంచి కుంటుతున్న కాలిని చూసింది. ఇంకేమీ అడగలేదు. అబద్ధం చెప్పడం రానివాళ్లకి ఊరుకోవడం బాగా వస్తుందని పెద్దకోడలికి ఆ రాత్రే తెలిసింది.

మర్నాడు చెక్కకీ ఇరుసుకీ మధ్య ఎత్తు కోసం పెట్టే రబ్బరు పలకలూ, వాటికి సరిపడా పొడుగు బోల్టులూ వచ్చాయి. మళ్లీ పౌడరు చల్లి చూశారు. మచ్చ పడలేదు.

శనివారం రాత్రి వాన పడింది. ఆదివారం పొద్దునకి ఎండ వచ్చింది గాని, మలుపులో చెట్ల నీడ ఉన్నంత మేరా రోడ్డు తడిగానే మెరుస్తోంది. మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, లాండ్రీ ముందు నిలబడ్డారు. పక్కన పెద్దకోడలు. లాండ్రీ అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి బయటికొచ్చాడు. ఆయన చేతిలో మూడుసార్లు ఫెయిలైన మనిషి, చూసి తీరాలనుకున్నాడు.

పైనుంచి చిన్నకోడలు బయల్దేరింది. కంకర తేలిన చోట బోర్డు తొణకలేదు. మెత్తటి చక్రాలు రాళ్ల మీదుగా మెత్తగా వచ్చాయి. వాలు పెరిగేచోట చెప్పు నేలకి ఆనించి వేగం తగ్గించింది. మలుపు మొదట్లో వంగింది. పెద్దకోడలి చూపు చక్రాల మీదే ఉంది. బోర్డు తిరిగింది, ఆగలేదు.

చెట్ల నీడకి పది బారల ముందు చిన్నకోడలు మళ్లీ చెప్పు రాసింది. ఆగింది. దిగింది. బోర్డు చంకలో పెట్టుకుని, తడిరోడ్డు మీద పక్కకి తప్పుకుని, కూరగాయలకి వెళ్లేదానిలా తాపీగా నడిచి వచ్చింది.

"ఏం, దిగావే?" అన్నారు మామగారు.

"తడి మావయ్యగారూ. తెల్ల చారల మీద ఏ చక్రమూ పట్టు ఇవ్వదు. ఎండితే ఎక్కుతాను, లేకపోతే నడుస్తాను."

మామగారు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పారు. "పాస్," అన్నారు. "నడపడం చూడ్డానికి రాలేదు నేను. ఎక్కడ దిగుతావో చూద్దామని వచ్చాను."

"నన్నెప్పుడూ దిగమన్లేదండీ," అన్నాడు లాండ్రీ అతను.

"నువ్వు దిగలేదనే ఫెయిల్ చేశాను."

పెద్దకోడలి భుజాల మీంచి అటక దిగిపోయినట్టయింది. ముగ్గురూ వెనక్కి నడిచారు. గేటు దగ్గరికి వచ్చాక మామగారు ఆమె వైపు తిరిగారు.

"పెద్దమ్మాయ్, మరి నీ పరీక్ష ఎప్పుడు?"

"నాకేం పరీక్ష మావయ్యగారూ?"

"పార్కింగ్‌లో మధ్యాహ్నం గరగరమని చప్పుడు వచ్చేది. అది వింటూ హాయిగా నిద్రపోయేవాణ్ణి. ఈ వారమంతా ఆ చప్పుడు లేదు. కంటి మీద కునుకు లేదు."

పెద్దకోడలు చీర చెంగు సర్దుకుంది. "చిన్నది ప్రాక్టీసు చేసేదేమో."

"ఆ టైముకి చిన్నమ్మాయి పైన గురక పెడుతుంది. అది వేరే చప్పుడు."

"నేను గురక పెట్టను," అంది చిన్నకోడలు. తర్వాత ఒక క్షణం ఆలోచించి, "అక్క తొక్కుతుందని మాత్రం నాకు తెలుసు. ముందు చక్రాల మీద అక్క చేతి గోధుమపిండి ఉంటుంది," అంది.

ఎనిమిది నెలల రహస్యం అలా గేటు దగ్గర నిలబడిపోయింది. ఎవరూ దాన్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. పెద్దకోడలే మెల్లగా తేరుకుంది.

"ఎక్కొద్దన్నాక కూడా ఎక్కాను మావయ్యగారూ. మంగళవారం."

"తెలుసు. పేపర్ల కట్టలు పడ్డ చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఒక మూలుగు. లేచి వద్దామనుకున్నాను, మూలుగు దానంతటదే నడుచుకుంటూ మెట్లెక్కింది." ఆయన గేటు గడియ తీశారు. "నున్నటి నేల, వాలు లేదు, ఎదురు బండి రాదు. ఆ స్థలానికి లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆ కొత్త చక్రాలు నాకు పనికిరావు."

"నున్నటి నేలకి పాతవే మంచివక్కా, గట్టివి కదా," అంది చిన్నకోడలు. "పారేయలేదుగా?"

పెద్దకోడలు ఏ వస్తువు పారేసింది గనక. అరిగిన పక్క బయటికి తిప్పి, బేరింగులు ఆరబెట్టి, పాత సబ్బుపెట్టెలో దాచి ఉంచింది.

ఆ మధ్యాహ్నం గిన్నెలు సర్దాక కిందికి దిగి, నారింజ చక్రాలు విప్పి, పాతవి బిగించింది. సాయంత్రం బ్యాచి వేళకి మళ్లీ మార్చాలి. రోజూ రెండుసార్లు విప్పడం, బిగించడం. ఇంటిపని ఒకటి పెరిగింది. ఈ ఒక్కదాన్నీ ఎవరితోనూ పంచుకోవాలనిపించలేదు ఆమెకి.

కుచ్చిళ్లు దోపుకుని ఒక తోపు తోసింది. గరగర మొదలైంది. ఆ స్తంభం దాకా వెళ్లి, వంగి, తిరిగి వచ్చేసరికి, పైగదిలోంచి సన్నగా ఇంకో గరగర దానికి తోడైంది.