దుప్పటికి రెండో కొస

"మిషన్ల నీ మిల్లు పత్తే అడ్డం పడ్డది. సాయంత్రం మెకానిక్‌ను పట్కొస్త. అండ్లకెల్లి పత్తి ఎల్లిందనుకో, రేపటి నుంచి మిల్లు బంద్. ఇంట్ల కూసో."

అంత మాట అనేసి భర్త కురుమూర్తి బండి తీశాడు. సౌందర్య వాషింగ్ మిషన్ ముందే నిలబడిపోయింది. గుండ్రటి అద్దం తలుపు వెనక, సబ్బునీళ్లలో పెద్ద దుప్పటి మునిగి ఉంది. నీళ్లు బయటికి పోవడం లేదు. అవి పోతే తప్ప తలుపు తెరుచుకోదు.

"ఆడోళ్ల చీరెలు మగోళ్ల అంగీలతోని కలపొద్దని ఎన్నిసార్లు చెప్పిన?" మంచం మీంచి అత్త సుభద్రమ్మ అందుకుంది. "ఏసినవ్ గదా?"

"లేదత్తమ్మా."

అబద్ధం. ఆ ఇంట్లో మిషన్ మగవాళ్ల బట్టలకూ దుప్పట్లకూ మాత్రమే. తన చీరలూ అత్త చీరలూ బండ మీదే, తన చేతులతోనే. కానీ పోయిన వారం గద్వాల జిన్నింగ్ మిల్లు నుంచి జ్వరంతో వచ్చి, ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి, పత్తి నూగు పట్టిన చీరను మిషన్లో వేసింది. ఆ ఒక్కసారికి ఇప్పుడు మిల్లే పోయేలా ఉంది. మధ్యాహ్నం అందరి సద్దులూ కలిపి తినడం, ఆమెను పేరు పెట్టి పిలిచే నలుగురు, అన్నీ.

అద్దంలోంచి దుప్పటిని చూస్తుంటే ఖిల్లా ఘణపూర్ దగ్గరి పుట్టింటి చేను గుర్తొచ్చింది. బోరు దగ్గర అమ్మ బాలమ్మ ఇంటిల్లిపాది బట్టలూ ఒకే గంగాళంలో నానబెట్టేది. నాన్న ధోతి, అమ్మ రైక, తన గౌను, అన్నీ ఒకటే నీళ్లలో. దుప్పటి దగ్గరికొచ్చేసరికి అమ్మ కేకేసేది. "ఏందయ్యో, జర ఇటు రా!" నాన్న తిరుపతి నాగలి వదిలి వచ్చి రెండో కొస పట్టేవాడు. అమ్మ ఇటు తిప్పితే నాన్న అటు. మధ్యలోంచి నీళ్లు కారుతుంటే సౌందర్య ఆ ధార కింద తల పెట్టేది. "మెల్లగ పిండు, బిడ్డ తానం కానీ," అనేవాడు నాన్న. ఆ చల్లదనం ఇప్పటికీ నడినెత్తి మీద ఉన్నట్టే ఉంది.

మెకానిక్ రాకముందే పత్తి తీసి పారేయాలి. సౌందర్య మిషన్ ప్లగ్గు పీకింది. కింద మూలనున్న చిన్న మూత తెరిచి, తాంబాళం పెట్టి, లోపలి బిరడాను మెల్లగా తిప్పింది. నీళ్లు బుసకొట్టి వచ్చాయి. తాంబాళం నిండిన కొద్దీ పారబోసింది. చివరికి జల్లెడ చేతికొచ్చింది.

వెలుతురుకు ఎత్తి చూసింది.

జల్లెడ నిండా జర్దా పొట్లాల ముక్కలు. ఒక దానిమీద ఒకటి అతుక్కుపోయి, నీళ్లదారికి అడ్డంగా. కురుమూర్తి అంగీ జేబులు ఎన్నడూ దులిపి వేయడు. వాటి అడుగున, గోరంత పత్తి నూగు.

పారేయబోయిన చెయ్యి ఆగిపోయింది. అన్నీ కంచంలో పెట్టి, కంచం మిషన్ మీద పెట్టింది.

జల్లెడ కడిగి బిగించి మిషన్ తిప్పింది. డ్రమ్ము రెండుసార్లు ఊగి నిలిచిపోయింది. దుప్పటి తడిసి ఉండచుట్టుకుని ఒకవైపే పడింది. బరువంతా ఒకవైపే ఉంటే పిండదు. పాత రెండు తొట్ల మిషన్ అయితే ఇలాంటప్పుడు గంతులేసేది, తను మీద వాలి పట్టుకునేది. ఈ కొత్తది ఊరికే ఆగిపోతుంది. దుప్పటిని బయటికి లాగింది.

సాయంత్రం కురుమూర్తి ఒక్కడే వచ్చాడు. "మెకానిక్ రేపొస్తడంట. పత్తి ఎల్లిందా?"

"ఎల్లింది." సౌందర్య కంచం చూపించింది. "గీ పత్తి నాది. మిగిలినయి నీవి."

సుభద్రమ్మ తొంగి చూసింది. "జర్దా ఇడిచిపెట్టిన అని నా నెత్తి మీద చెయ్యి పెడ్తివి గద రా! నా నెత్తి గింత అగ్గువైపాయెనా?"

కురుమూర్తి అంగీ జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. సౌందర్య తను మిల్లుకు కట్టే చీరను, అతని అంగీలను కలిపి మిషన్లో వేసి తలుపు మూసింది. సుభద్రమ్మ నోరు తెరిచింది, కంచం వైపు చూసి మూసుకుంది.

సౌందర్య తడి దుప్పటి ఒక కొస భర్త చేతిలో పెట్టింది.

"పట్టుకో. నువ్వు గటు తిప్పు, నేను గిటు తిప్పుత. జల్ది కానీ, పొద్దుగాల మిల్లుకు పోవాలె."