రొట్టెల అంగడికి ఫోన్ నంబరు

రాప్తాడులో హైవే పక్కనున్న మారెమ్మ రొట్టెల అంగడికి బోర్డయినా లేదు. అయినా ఒకసారి తిన్నవాళ్ళు వెతుక్కుంటూ మళ్ళీ వస్తారు. పుట్టపర్తికి పోయే హైదరాబాదువాళ్ళు కారాపి, పలుచగా కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టెలు కట్టించుకుపోతారు. ఇంటికి పంపిస్తారా అని వాళ్ళు అడగడం, యాడ పంపేదమ్మా అని మారెమ్మ నవ్వేయడం మామూలే. ఆ మాటను పట్టుకున్నది మాత్రం కోడలు కృపాకుమారి. పెళ్ళికి ముందు అనంతపురంలో కంప్యూటర్ సెంటర్లో పనిచేసిన పిల్ల. ఆన్‌లైన్ అంగడి తనే తయారుచేస్తానంది. పార్సిళ్ళు కొరియర్ ఆఫీసుకు చేర్చే పని తనదన్నాడు ఆమె మొగుడు ప్రతాప్. అతనిది గూడ్సు ఆటో.

మధ్యాహ్నం పెనం దించాక అత్తాకోడళ్ళు గడపలో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు. ఏ రొట్టెకు ఏ ఫోటో పెట్టాలి, చెనిక్కాయల పొడి విడిగా అమ్మాలా, జతగా ఇవ్వాలా, రొట్టె విరగకుండా ఎట్లా కట్టాలి. పరీక్షకని ప్రతాప్ ఒక పెట్టెను వజ్రకరూరు దాకా తిప్పి తెస్తే లోపల రొట్టెలన్నీ విరిగి నుచ్చు మిగిలింది. ముగ్గురూ దాంట్లో మజ్జిగ పోసుకుని తినేశారు. రెండోసారి కవరు చుట్టూ చెనిక్కాయ పొట్టు కూరితే ఒక్కటీ విరగలేదు. ఆ ఉపాయం ప్రతాప్‌ది. కనబడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

పేచీ వెబ్‌సైటు చివరి పేజీ దగ్గర వచ్చింది. ఏమైనా అడగాలనుకునేవాళ్ళు రాసి పంపడానికి కృపాకుమారి ఒక గడి పెట్టింది. ఫోన్ నంబరేదీ అని మారెమ్మ అడిగింది. ఈ కాలంలో ఎవరూ ఫోన్ చేయరనీ, కావలసింది నొక్కితే ఆర్డరొస్తుందనీ కోడలు వివరించింది.

"మొగం చూడకుండా కొంటాండారు. గొంతన్నా వినద్దా పాపా? నా నంబరు పెట్టు."

"పొద్దంతా ఫోన్లో మాట్లాడతా కూచుంటే రొట్టెలు ఎవురు తట్టల్ల అత్తా?"

"నువ్వు తట్టు."

ఆ మాట కృపాకుమారికి చురుక్కుమంది. కాపురానికొచ్చినప్పటి నుంచి ఆమె తట్టిన రొట్టెను అత్త అటూ ఇటూ తిప్పి చూసి దొంతరలో అడుగున పెట్టేది. ఒక్కనాడూ బాగుందన్న పాపాన పోలేదు. కృపాకుమారి నంబరు పెట్టింది. పేజీ అడుగున, కనపడీ కనపడనంత చిన్నగా పెట్టింది.

ఆన్‌లైన్ అంగడి తెరిచి, కాలేజీ స్నేహితులకు లింకు పంపింది. మరునాడు మధ్యాహ్నమే మారెమ్మ ఫోను మోగింది. హైదరాబాదు నుంచి ఎవరో ఆవిడ. కృపాకుమారి వాకిట్లో బట్టలు ఆరేస్తూ చెవి అటే వేసింది. ఆవిడ నాయనకు జ్వరమొచ్చి తగ్గిందట, రొట్టె కావాలంటున్నాడట. జ్వరం నోటికి ఎండురొట్టె పనికిరాదని మారెమ్మ ఖండితంగా చెప్పేసింది. పిండిలో మరిగే నీళ్ళు ఎట్లా పోయాలో, వేడివేడి రొట్టెను పాలలో ఎట్లా నానేయాలో ఓపికగా నేర్పించింది. ఆర్డరు మాటే ఎత్తలేదు. వచ్చిన మొదటి బేరాన్ని చేజేతులా పోగొట్టిందని కృపాకుమారికి ఒళ్ళు మండింది. అడిగేద్దామని గడప దాకా పోయింది. లోపల మాట మారింది.

"వెబ్‌సైటా? మా కోడలు చేసింది. రొట్టె ఇంగా వంకరగానే తడతాది, మాట గూడా గట్టిదే. అయితే ఏమమ్మా, ఆ పాప రెండు దినాలు పుట్టింటికి పోతే నాకు అన్నం దిగదు."

కృపాకుమారి వెనక్కి తిరిగొచ్చి వాకిట్లోని పొయ్యి దగ్గర కూలబడింది. నవ్వొస్తోంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి. అంతలో మారెమ్మ బయటికొచ్చి ఏమైందని అడిగింది.

"పొగ, అత్తా."

"పొయ్యి ఆర్పి ఎంతసేపాయె?" అంది మారెమ్మ. పక్కన కూర్చుని కోడలి కళ్ళు కొంగుతో తుడిచింది.

ఆ సాయంత్రం కృపాకుమారి నంబరును పెద్ద అంకెల్లో పేజీ పైకి తెచ్చింది. మధ్యాహ్నం పూట మారెమ్మతో మాట్లాడవచ్చని దాని కింద రాసింది. ఆ తర్వాత పెట్టెలు కొద్దికొద్దిగా పెరిగాయి, ఫోన్లు అంతకన్నా పెరిగాయి. సగం మంది రొట్టెలే అడగరు. మోకాళ్ళ నొప్పులో, పరీక్ష తప్పిన కొడుకు సంగతో చెప్పుకుంటారు. పెట్టెల కోసం ఇప్పుడు మధ్యాహ్నమూ పెనం పెడుతున్నారు. అత్త మాట్లాడుతున్నంతసేపూ కృపాకుమారి పక్కనే కూర్చుని రొట్టె తడుతుంది. మారెమ్మ ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకుని, రెండో చేత్తో కోడలి రొట్టె అంచును మెల్లగా సర్దుతుంటుంది.