నంబరు లేని మ్యాగజైన్

సోమవారం వెలుగు రాగానే ఆర్డిత్ స్కాగిన్స్ వేరుశనగ చేను గట్టు మీద బోర్లా పడుకుని మొదటి పందిని పడగొట్టింది. రెండో తూటా పేలలేదు. రైఫిల్ అడుగున తగిలించే తూటాల డబ్బా, అదే మ్యాగజైన్‌లోంచి ముక్కు పైకెత్తి, గొట్టం వెనక మూతికి అడ్డంగా ఇరుక్కుపోయింది. ఆమె దాన్ని పీకి పారేసేలోగా మిగతా మందంతా వాగు దాటి అడవిలో పడింది.

లేచి చూసుకుంటే పద్నాలుగు సాళ్ళు పోయాయి. అడవి పంది చేలో పడితే అడ్డదిడ్డంగా తొక్కదు. గింజ పడిన సాలు పట్టుకుని, ముక్కుతో దున్నుకుంటూ, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క గింజ వదలకుండా ఏరుకు తింటుంది. కూలికి పెట్టుకున్న మనిషి కూడా అంత శ్రద్ధగా పనిచెయ్యడు. ఈ ఏడు ఇది రెండో విత్తు. జూన్ మొదటి వారం దాటితే దక్షిణ జార్జియాలో వేరుశనగ వేసి లాభం లేదు కాబట్టి మూడోది ఉండదు. పైగా ఆ నలభై ఎకరాలూ ఆమెవి కావు, క్రెన్‌షా గారివి. ఇరవై రెండేళ్ళుగా, మొదట భర్తతోనూ ఆయన పోయాక ఒంటరిగానూ, నోటిమాట మీద కౌలుకి చేస్తోంది. పందుల్ని ఆపలేని మనిషికి ఎవరైనా పొలం ఎందుకిస్తారు?

ఆమె తుపాకీ తెలియని మనిషేం కాదు. కొత్త మ్యాగజైన్ కొంటే దాని అడుగున పసుప్పచ్చ రంగుతో నంబరు వేస్తుంది. నిండా తూటాలు కూరి మూడుసార్లు ఖాళీ చేసి చూస్తుంది. ఒకసారి ఇరికిస్తే తుడిచి మళ్ళీ చూస్తుంది. రెండోసారి కూడా ఇరికిస్తే సుత్తి తీస్తుంది. ఆ చుట్టుపక్కల బుర్ర ఉన్నవాళ్ళందరూ చేసే పనే ఇది. రైఫిల్ ఎంత మంచిదైనా దానికి తూటా అందించేది ఆ రేకు డబ్బాయే. తూటాని పట్టి ఉంచే దాని పై అంచులు, ఆ పెదాలు, వెంట్రుకవాసి విచ్చుకున్నా, లోపలి స్ప్రింగు నీరసించినా అంతే సంగతులు. ఏప్రిల్‌లో నాలుగో నంబరు అలాగే రెండుసార్లు ఇరికించింది. "ఇటివ్వు వదినా, నేను చితక్కొడతాలే" అని మరిది డెల్మర్ పట్టుకెళ్ళాడు.

ఇప్పుడు ఇరికించిన దాన్ని తిప్పి చూస్తే అడుగున ఏ నంబరూ లేదు. పెదాల మీద మాత్రం పట్టకారు గాట్లున్నాయి.

మంగళవారం పొద్దున్నే ఆమె రాయిస్ పెట్లీ కొట్టుకి వెళ్ళింది. దాణా, ఎరువులు, తుపాకులు అన్నీ అక్కడే దొరుకుతాయి. వాటితోపాటు, పొద్దున పదింటిదాకా కాఫీ కప్పులు పట్టుకుని లోకాన్ని చక్కదిద్దే మగవాళ్ళూ దొరుకుతారు. మూల బల్ల మీద డెల్మర్ సాసేజ్ పెట్టిన బిస్కెట్ బన్ను తింటున్నాడు.

"ఏం ఆర్డిత్ అక్కా, నిన్న పందులకి టిఫిన్ పెట్టి పంపించావంట కదా?" అన్నాడు రాయిస్.

"నాకంటే మూడేళ్ళు పెద్దవాడివి, అక్కేంటి నీ మొహం. మ్యాగజైన్ ఇరికించింది. ఇదిగో చూడు, దీనికి నంబరు లేదు. నా సంచిలో నంబరు లేనిది ఉండదు."

రాయిస్ దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "మ్యాగజైన్ ఏం చేసిందక్కా, చెయ్యి. దానంతటదే తూటా ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్‌ని భుజానికి గట్టిగా అదిమి పట్టాలి. పట్టు వదులైతే ఇలాగే ఇరుకుతుంది. వయసు మీద పడుతోంది కదా, తప్పులేదు."

"చెయ్యి కాదు. పెదాల మీద గాట్లు చూడు. ఎవరో పట్టకారుతో వంచారు."

"మా ఆవిడా అంతే. కారు గోడకి గుద్దితే గోడదే తప్పంటుంది."

కొట్టంతా నవ్వింది. ఆర్డిత్ మూడోసారి చెప్పింది, గొంతు పెంచకుండా, ఒక్కో మాటా విడదీసి: "నా చెయ్యి కాదు రాయిస్. ఈ మ్యాగజైన్." ఎవరూ దాని వంక చూడలేదు. డెల్మర్ తన కాఫీలోకి చూసుకుంటున్నాడు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్ళు ఆ కొట్లోనే విత్తనాలు కొన్న మనిషి మాటకి దక్కిన విలువ ఇదీ.

రైఫిల్ మీద గురి చూసే పాత స్కోపు లోపల చెమ్మ పట్టి మసకబారింది కాబట్టి కొత్తది చూపించమంది. రాయిస్ చెంబంత అద్దం ఉన్న పెద్ద స్కోపు బల్ల మీద పెట్టాడు.

"ఇరవై నాలుగు రెట్లు చూపిస్తుంది. చంద్రుడి మీద గుంటలు లెక్కపెట్టుకోవచ్చు."

"నాకు చంద్రుడి మీద చేను లేదు. నూరు గజాల్లో పరిగెత్తే పందికి ఇది పెడితే బొచ్చు కనిపిస్తుంది గానీ పంది కనిపించదు. ఆ మూలది తియ్యి."

"అది చవకది అక్కా. పిల్లలు ఆడుకునేది."

ఆమె ఆ చిన్నదాన్ని తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. ట్యూబులైట్ కింద ఏ స్కోపైనా బాగానే కనిపిస్తుంది. రోడ్డవతల వేరుశనగ గిడ్డంగి చూరు కింద నల్లగా ఉన్న నీడలోకి పెట్టి చూసింది. అక్కడ పడుకున్న కుక్క చెవి వేరుగా, తోక వేరుగా కనిపించాయి. గురి సర్దే మరని ఇరవై మెట్లు అటూ, ఇరవై మెట్లు ఇటూ తిప్పింది. మెట్టు మెట్టుకీ గట్టిగా టిక్కుమంది. "ఇదే కట్టివ్వు" అంది.

ఇంటికెళ్ళి స్కోపు బిగించి, గట్టు మీద పడుకుని మూడు తూటాలు కాల్చింది. మరని ఇరవై మెట్లు తిప్పి, మళ్ళీ వెనక్కి తెచ్చి, ఇంకో మూడు కాల్చింది. ఆరూ బిస్కెట్టంత చోట పడ్డాయి. పట్టు వదులైన చెయ్యి అంటే ఇదేనా అని రాయిస్‌ని మనసులోనే తిట్టుకుంది. కానీ పందులు మాత్రం రాలేదు. ఒకసారి తుపాకీ మోత విన్న మంద నాలుగైదు రోజులు ఆ దిక్కుకి రాదు. చేను ఊరికే ఎదురుచూసింది.

గురువారం మధ్యాహ్నం పందులకి బదులు క్రెన్‌షా గారు వచ్చారు. ట్రక్కు దిగకుండానే మాట్లాడారు.

"ఆర్డిత్, కొట్లో ఏదో అనుకుంటున్నారమ్మా. నీ చెయ్యి ఒణుకుతోందంట. మా మేనల్లుడు చేస్తానంటున్నాడు. మిగిలిన విత్తు వాడికప్పగించి..."

"నా చెయ్యి ఒణకట్లేదు. మ్యాగజైన్ పాడైంది."

"అలాగే అంటావని కూడా చెప్పారు."

ఆయన చెడ్డవాడు కాడు. మంచివాళ్ళు కూడా చెప్పుడు మాట పట్టుకుని పొలం లాక్కోగలరు, అదీ చాలా మర్యాదగా.

"రేపు పొద్దున రాయిస్ కొట్టుకి రండి. అక్కడ చూశాక మీ ఇష్టం" అంది ఆర్డిత్.

ఆయన వెళ్ళాక గట్టు మీద కూర్చుని నంబరు లేని మ్యాగజైన్‌ని సంచిలోంచి తీసింది. సంచిలో మిగతావి ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు. ఎండకి ఏటవాలుగా పట్టి చూస్తే అడుగు రేకు గాడిలో పసుప్పచ్చ రంగు సన్నగా మిగిలుంది. తుడిచినవాడు గుడ్డ తిప్పిన చోటల్లా పోయింది గానీ గాడిలోకి గుడ్డ దూరలేదు. వంకర మేకుల్ని కూడా కాఫీ డబ్బాల్లో దాచుకునే మనిషి తన ఇంటి చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. ఆమె డెల్మర్ ఇంటికి వెళ్ళలేదు. ఇంట్లో అడిగితే అది ఇంట్లోనే ఉండిపోతుంది. కొట్లో పుట్టిన మాట కొట్లోనే చావాలి.

శుక్రవారం కొట్టు నిండుగా ఉంది. క్రెన్‌షా గారు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఆర్డిత్ రెండు మ్యాగజైన్లు బల్ల మీద పెట్టింది, ఒకటో నంబరూ, నంబరు లేనిదీ.

"రాయిస్, నా రైఫిల్ వద్దు, నా చెయ్యీ వద్దు. నీ రైఫిల్ తీసుకో. మ్యాగజైన్లు మాత్రం ఇవి."

"ఇప్పుడెందుకక్కా ఇదంతా."

"భయమా?"

ఆ మాటన్నాక రాయిస్ ఆగడు. కొట్టు వెనక మట్టికట్ట దగ్గరికి అందరూ నడిచారు. ఒకటో నంబరుతో పది తూటాలు వరసగా పోయాయి. రాయిస్ ఆరిందాలా వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత నంబరు లేనిది పెట్టాడు. రెండు పేలాయి. మూడోది ముక్కు పైకెత్తి నిలబడింది. అతను గొణుక్కుంటూ దాన్ని పీకేసి, భుజానికి మరింత గట్టిగా అదిమి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఒకటి పేలింది. రెండోది ఇరుక్కుంది.

"గట్టిగా అదిమి పట్టు రాయిస్. వయసు మీద పడుతోంది కదా" అంది ఆర్డిత్.

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆమె మ్యాగజైన్ తీసుకుని గాడిలోని పసుప్పచ్చ రంగుని క్రెన్‌షా గారికి చూపించి, అందరికీ వినపడేలా అడిగింది. "డెల్మర్, ఇది నాలుగో నంబరేనా?"

"పారెయ్యబుద్ధి కాలేదు వదినా. పెదాలు వంచి సరిచేశా. బల్ల దగ్గర మూడు తూటాలు పెట్టి చూస్తే బానే పోయాయి. నంబరు కనిపిస్తే నువ్వు పారేస్తావని థిన్నర్‌తో తుడిచేసి సంచిలో పడేశా. నీకు పనికొస్తుందనే."

"పనికొచ్చింది. పద్నాలుగు సాళ్ళు మేపింది. మంగళవారం కూడా ఇక్కడే కూర్చున్నావు కదా, నోరెందుకు విప్పలేదు?"

"అందరూ నవ్వుతారని."

"నన్ను చూసి నవ్వుతుంటే ఫర్వాలేదా?"

రాయిస్ రైఫిల్ దించి, దాని మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. క్రెన్‌షా గారు టోపీ మళ్ళీ తల మీద పెట్టుకుని ముందుకొచ్చారు. ఆయన ముఖంలో పెద్ద బరువు దిగిపోయిన సంతోషం కనిపించింది.

"పొలం సంగతి ఇంక మర్చిపోమ్మా, అది నీదే. మేనల్లుడికి నేను చెప్పుకుంటాను. అయినా ఇంత విషయం ఉంటే ముందే చెప్పి ఉండాల్సింది కదా ఆర్డిత్."

"చెప్పాను" అంది ఆమె. "మంగళవారం ఇక్కడ మూడుసార్లు చెప్పాను. నిన్న చేలో మీకే చెప్పాను. రాయిస్ చేతిలో ఇరుక్కుంటే గానీ మీకెవరికీ వినపడలేదు."