బయటికి కనపడే అక్షరాలు

నేను ఒక భుజాన వేలాడే సంచిని. ముదురు నీలం గుడ్డ, పొడుగాటి పట్టీ, లోపల రెండు అరలు. కాకినాడలో ఒక కుట్టుకేంద్రంలో నాలాంటివాళ్ళం గుట్టగా పుట్టాం. పుట్టిన కాసేపటికే మా ఒంటి మీద ఎర్రటి అక్షరాలు అచ్చేశారు: ‘తోడు మహిళా సంఘం – సుఖవ్యాధులు, ఎయిడ్స్ నివారణ’. కాస్త చిన్న అక్షరాలు వేద్దామా అని అచ్చు వేసేవాడు అడిగితే, ఆర్డరిచ్చిన ఆఫీసరుగారు “అబ్బే, వీధి చివర్నించి కనపడాలండీ” అన్నారు. మమ్మల్ని ఎవరు మోస్తారో, ఏ గుమ్మాల్లోకి మోస్తారో తెలిసినవాళ్ళు ఒక్కరూ ఆ పూట అక్కడ లేరు. మనుషులు ఇలాంటి విషయాలు ఎప్పుడూ ఆ సంగతి తెలియనివాళ్ళనే అడుగుతారెందుకో.

నేను సామర్లకోట నూకరత్నం భుజం మీదికి చేరాను. ఆవిడ చాలా ఏళ్ళు రైల్వేస్టేషను పరిసరాల్లో పడుపు వృత్తి చేసుకునే బతికింది. ఇప్పుడు అదే వృత్తిలో ఉన్న ఆడవాళ్ళను కలుసుకోవడం, నిరోధ్‌లు ఇవ్వడం, రక్తపరీక్షకు వెంట వెళ్ళడం, పోలీసులు పట్టుకుపోతే వెళ్ళి మాట్లాడి విడిపించుకు రావడం ఆవిడ ఉద్యోగం. ఎవరిని కలిసినా ముందు “నేనూ మీలో మనిషినేనే” అనేది. ఆ మాటతో సగం భయం పోయేది.

నేనంటే ఆవిడకు ఎంత ముద్దో చెప్పలేను. రోజూ తడిగుడ్డతో తుడిచేది. వెనకటికి లాఠీ ఊపుకుంటూ తరిమిన కానిస్టేబులు నా మీది అక్షరాలు చదివి “ఏవమ్మా, డ్యూటీయా?” అని పక్కకు తప్పుకున్న రోజున, ఆవిడ వేళ్ళు నా పట్టీని ఎంత గట్టిగా పట్టుకున్నాయో నాకింకా తెలుస్తూనే ఉంది.

ఆవిడ చూసుకునే వాళ్ళలో వీరవేణి ఒకతె. కాలవగట్టు వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, కూతుర్ని బడిలో చదివించుకుంటూ ఉండేది. పగలు జాకెట్లు కుట్టేది. రెండో పని సంగతి ఆ వీధిలో ఎవరికీ తెలియదు. రక్తపరీక్షలో జబ్బు బయటపడ్డ రోజున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నూకరత్నం చెయ్యి పట్టుకుని ఒకే ఒక్క మాట అడిగింది: “ఎక్కడికి రమ్మంటే అక్కడికొత్తానక్కా. మా ఇంటికి మాత్రం రామాక.”

నూకరత్నం ఒట్టేసింది.

ఒక నెల వీరవేణి మందులకు రాలేదు. ఫోను ఎత్తలేదు. ఎవడో కొట్టాడని, జ్వరంతో పడి ఉందని ఎవరో చెప్పారు. నూకరత్నం ఆగలేక మధ్యాహ్నం ఎండలో కాలవగట్టుకు బయల్దేరింది. అందులో తప్పేం లేదు. మందులు ఆపితే మనిషి ఏమవుతుందో ఆవిడ కళ్ళారా చూసింది.

వీధి మొదట్లో ఆగింది. తల వంచి నన్ను చూసింది. మూలన టీకొట్టు ఉంది, నన్ను అక్కడ వదిలి వెళ్ళొచ్చు. చీర కొంగు కప్పినా సరిపోయేది. కానీ ఆ వీధిలోనే, ఒకప్పుడు దాహమని అడిగితే ఆవిడకు గ్లాసుతో నీళ్ళివ్వకుండా దోసిట్లో పోసిన ఇల్లు ఉంది. నూకరత్నం నడుము నిటారు చేసి, అక్షరాలు బయటికి కనపడేలా నన్ను తిప్పుకుని, ఆ ఇంటి ముందు నుంచే నెమ్మదిగా నడిచింది.

వీరవేణి గుమ్మం దగ్గర, గది అద్దెకిచ్చిన అప్పయ్యమ్మ ఒడియాలు ఎండబెడుతోంది. కళ్ళజోడు సవరించుకుని నన్ను కూడబలుక్కుని చదివింది.

“సుఖ... వ్యాధులా? మా వీరవేణితో నీకేం పనే?”

“జాకెట్టు కుట్టించుకుందామనండీ” అంది నూకరత్నం.

అప్పటికే ఆలస్యమైపోయింది. లోపల మంచం మీదినుంచి లేచిన వీరవేణి నూకరత్నం ముఖం చూడలేదు. నన్నే చూసింది. సాయంత్రానికి కుళాయి దగ్గర ఆమె బిందెను పక్కకు నెట్టేశారు. మర్నాడు కుట్టుమిషనూ, కూతురి పుస్తకాలూ అరుగు మీదికి వచ్చాయి. తల్లీకూతుళ్ళు ఎక్కడికి వెళ్ళారో ఎవరూ చెప్పలేదు.

“సంచి సంగతి మర్చేపోయానండీ, కంగారులో” అని నూకరత్నం సంఘంలో చెప్పింది. అందరూ నమ్మారు. పాపం, మంచికి పోతే ఇలా అయిందన్నారు. వాళ్ళు ఓదార్చిన కొద్దీ ఆవిడకు అన్నం సయించేది కాదు. నన్ను తుడవడం మానేసింది. చిలక్కొయ్యకు తగిలించేటప్పుడు అక్షరాలు గోడవైపు ఉండేలా తగిలించేది. మోసేవాళ్ళు ఎటు తిప్పితే అటే తిరుగుతాను నేను. అయినా ఆ గుమ్మంలో చదివింది నన్నే కదా అని నాకూ ఒళ్ళు బరువుగా ఉండేది.

వెతగ్గా వెతగ్గా వీరవేణి పిఠాపురంలో తేలింది. ఒక బట్టలకొట్టు వెనక రేకులషెడ్డులో మిషను తొక్కుతోంది. నూకరత్నం నన్ను కొంగు కింద దాచుకుని వెళ్ళి, మందుల పొట్లం మిషను మీద పెట్టింది. వీరవేణి చక్రం ఆపలేదు.

“పాప ఎలా ఉందే?”

“బడి మానేసింది. అక్కడి పిల్లలందరూ అడిగారంట, మీయమ్మకేం రోగమని.”

నూకరత్నం మిషను పక్కన నేల మీద కూర్చుంది. వీరవేణి మిషను మీది గుడ్డ జరుపుకుంటూ అడిగింది.

“మర్చిపోయి తెచ్చావంటగా? సంఘంలో చెప్పావంట.”

“అవునే, కంగారులో...” అని మొదలుపెట్టి నూకరత్నం ఆగిపోయింది. నా పట్టీ ఆవిడ గుప్పిట్లో తడిసిపోతోంది. “కాదు. మర్చిపోలేదు. నన్ను చీదరించుకున్నోళ్ళు చూడాలని కావాలనే ఏసుకొచ్చాను. నీ మాట గుర్తుండే ఏసుకొచ్చాను.”

చక్రం ఆగింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని నూకరత్నం అనుకుని ఉంటుంది.

“ఇలాగియ్యి ఆ సంచి” అంది వీరవేణి.

బ్లేడుతో నా కుట్లన్నీ విప్పింది. లోపలిది బయటికీ, బయటిది లోపలికీ తిప్పి మిషను కింద పెట్టింది. సూది నన్ను వరసగా పొడుచుకుంటూ పోయింది. దారం కొరికి, నన్ను నూకరత్నం ఒళ్ళో పడేసింది.

“ఇది నీకోసం కాదక్కా. రేపు ఇంకోదాని గుమ్మం ఎక్కుతావుగా, దానికోసం. మందులు ఇంకెవరిచేతైనా పంపించు. నువ్వు మాత్రం రామాక.”

తరవాతి సమావేశంలో నూకరత్నం లేచి నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కొందరు ముఖం తిప్పుకున్నారు. ఒకావిడ మాత్రం మెల్లగా, “నేనూ అలాగే తిప్పుకుని నడిచేదాన్నమ్మా” అంది. ఇక సంచుల మీద అక్షరాలు వద్దని అందరూ అడిగితే, కాకినాడ నుంచి వచ్చిన ఆఫీసరుగారు పేరు కనపడకపోతే ఎలాగని నసిగారు. ఆడవాళ్ళెవరూ వెనక్కి తగ్గలేదు. ఆ తరవాత వచ్చిన సంచుల మీద అక్షరం ముక్క లేదు. పూలవీ, గళ్ళవీ, సంతలో ఎవరైనా కొనుక్కునేలాంటివే.

నేనిప్పుడు సంఘం గదిలో బీరువా మీద, పాత పోస్టర్ల మధ్య ఉన్నాను. పిఠాపురం వైపు పైడితల్లి అనే అమ్మాయి వెళుతోంది. వీరవేణి మందులు సరిగ్గా వాడుతోందట, కూతుర్ని ఇంకో బడిలో వేసిందట. మొన్న ఆ అమ్మాయి ఈ కబుర్లు చెబుతుంటే నూకరత్నం నిరోధ్ పెట్టెలు సర్దుతూ వింది.

“నా గురించి ఏమన్నా అడిగిందా?”

“లేదక్కా.”

“అడగదులే” అంది నూకరత్నం. గళ్ళసంచీ భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, స్టేషను వైపు వెళ్ళిపోయింది.